కళ్ళు మూసుకున్న బండి

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఎద్దులు కట్టని బండ్లు ఉండేవి. తోలేవాడు కూడా ఉండడు. నవ్వకండి, కథ చెబుతున్నాను కదా! ఎక్కి కూర్చుని "సంతకు పద" అంటే సంతకు పోతాయి. "ఇంటికి పద" అంటే ఇంటికి వస్తాయి. ఒక్కో బండికి ముందు రెండు కళ్ళు, పక్కన రెండు చెవులు, మాట్లాడటానికి ఒక నోరు. అచ్చం మీలాగే. కాకపోతే మీకంటే బాగా మాట వింటాయి.

ఆ బండ్లను చేసింది ఎవరనుకున్నారు? తాబేలు తాత. "తాబేలేమిటి, బండ్లు చేయడమేమిటి!" అని మొదట్లో అడవంతా పకపకా నవ్వింది.

"పరుగెత్తేవాడికి బండి అవసరం ఎందుకు తెలుస్తుంది? నాలాంటివాడికే తెలుస్తుంది" అన్నాడు తాత.

తాత ఏ బండిని చేసినా ముందుగా దాని చెవిలో ఒకే మాట చెప్పేవాడు. "ఎవరినీ గుద్దకు" అని. ఆ మాట తర్వాతే చక్రాలు బిగించేవాడు.

అడవి కొండకు ఇటు, సంత కొండకు అటు. మధ్యలో దారి కొండ నడుము చుట్టూ తిరిగి పోతుంది. ఒక పక్క రాతిగోడ, ఇంకో పక్క లోయ. ఒకచోట ఆ దారి బాగా సన్నబడి ఒక్క బండే పడుతుంది. దాన్ని ఇరుకుమలుపు అనేవారు. అక్కడ ఎలా నడుచుకోవాలో కూడా తాతే నేర్పాడు. ఖాళీ బండి నిండు బండికి దారి ఇవ్వాలి. రెండూ నిండుగా ఉంటే, వెనక్కి తగ్గడం ఎవరికి తేలికైతే వాళ్ళు తగ్గాలి. పిల్లలున్న బండి వస్తే మాత్రం ఎవరైనా సరే తగ్గాల్సిందే. దారి దొరికిన బండి, దారి ఇచ్చిన బండితో "చల్లగా ఉండు" అని చెప్పి పోవాలి. అంతే. ఆ మాట చాలు, వెనక్కి తగ్గిన బండికి తగ్గానన్న బాధ ఉండేది కాదు.

ఆ అడవిలో పుట్టన్న అని ఒక ఎలుగుబంటి ఉండేవాడు. తేనె పట్టి సంతలో అమ్మేవాడు. అతని భార్య కిందటి వానాకాలం జబ్బుచేసి పోయింది. మిగిలింది ఒక్కగానొక్క కూతురు. నేరేడుపండులా నల్లగా నిగనిగలాడుతుందని దాని పేరు నేరేడు అని పెట్టుకున్నారు. పుట్టన్నకు ఆ పిల్లంటే ప్రాణం. సంత నుంచి వచ్చేసరికి అది గుహ వాకిట్లో కూర్చుని దారి చూస్తూ ఉండేది. పొద్దుగూకితే ఏడుపు మొఖం పెట్టేది.

పుట్టన్న బండి పేరు మెరుపు. కొత్త బండి. మెడలో మువ్వలు కట్టుకుని ఘల్లుఘల్లుమంటూ పోయేది. తాబేలు తాత మొట్టమొదట చేసిన ముసలి బండి ఇంకొకటి ఉంది. దాని పేరు నిదానం. అడవిలోని పిల్లలందరినీ ఎక్కించుకుని చెరువుకూ, ఇరుకుమలుపు దాటి పండ్ల చెట్లకూ తిప్పేది అదే. దాని చక్రం కిర్రుమంటే చాలు, పిల్లలు "నిదానం అవ్వ వచ్చింది" అని గంతులేసేవారు. నేరేడు అందరికంటే ముందు ఎక్కేది, అందరికంటే చివర దిగేది.

సంతలో నీడనిచ్చే చెట్టు ఒక్కటే. ముందు పోయినవాడికి నీడ. ఆలస్యంగా పోతే ఎండలో కూర్చోవాలి. ఎండకు తేనెపట్టు కరిగిపోతుంది, కొనేవాళ్ళు మొఖం తిప్పుకుంటారు, సరుకు అమ్ముడయ్యేసరికి పొద్దు వాలిపోతుంది. అందుకే పుట్టన్నకు ముందు పోవాలని ఆత్రం.

ఒకసారి సంత నుంచి ఖాళీ బండితో వస్తుంటే ఇరుకుమలుపు దగ్గర పెద్ద గాలి వీచింది. దుమ్ము పడి మెరుపు కళ్ళు మూసుకుంది. ఎదురుగా సరుకుతో నిండిన బండి వస్తోంది. దారి హక్కు దానిదే. అయినా అది గబగబా వెనక్కి తగ్గింది. మెరుపు ముందుకు సాగిపోయింది.

"ఏమే మెరుపూ, అది మనకెందుకు దారి ఇచ్చింది?" అన్నాడు పుట్టన్న.

"నేను చూడటం లేదని దానికి తెలిసిపోయింది అయ్యా. నేను ఆగలేనని అది ఆగింది."

పుట్టన్న బుర్ర గోక్కున్నాడు. దారి పొడుగునా గోక్కుంటూనే ఉన్నాడు. మరుసటి సంతనాడు ఇరుకుమలుపు రాగానే మెల్లగా అన్నాడు.

"మెరుపూ, కళ్ళు మూసుకో."

"అమ్మో! ఎవరినైనా గుద్దుతానేమో అయ్యా."

"గుద్దవులే. అవతలివాళ్ళ కళ్ళు తెరిచే ఉంటాయిగా!"

మెరుపు మాట వినే బండి. కళ్ళు మూసుకుంది. ఎదురొచ్చిన బండ్లన్నీ హడలిపోయి వెనక్కి తగ్గాయి. పుట్టన్నకు నీడ దొరికింది. తేనె మధ్యాహ్నానికే అమ్ముడైపోయింది. ఎండ ఉండగానే ఇల్లు చేరాడు.

"నాన్నా, ఇంకా పొద్దు కూడా వాలలేదు!" అని నేరేడు ఎగిరి అతని వీపెక్కింది. కూతుర్ని మోస్తూ గుహ చుట్టూ తిరుగుతుంటే పుట్టన్నకు తాను చేసింది తప్పనే అనిపించలేదు. మెరుపు ఎవరికీ "చల్లగా ఉండు" అని చెప్పలేదన్న సంగతి కూడా గుర్తురాలేదు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడటం లేదనుకుంటుందట. పుట్టన్న సంగతీ అంతే అయింది.

చూసినవాళ్ళు చూశారు. అందరికంటే ముందు చూసింది నిదానం. ఎందుకంటే పిల్లల్ని వేసుకుని కూడా రెండుసార్లు వెనక్కి తగ్గాల్సి వచ్చింది దానికి. ఒకనాడు చెరువు దగ్గర పుట్టన్నను పిలిచింది.

"అబ్బాయ్ పుట్టన్నా, ఒక మాట అడుగుతాను కోప్పడకు. నీ బండి కళ్ళు మూసుకుంటే ఎదుటి బండి చూసి తప్పుకుంటోంది. రేపు అది కూడా మూసుకుంటే చూసేదెవరు నాయనా?"

"నువ్వున్నావుగా అవ్వా, చూడటానికి!" అని నవ్వేశాడు పుట్టన్న.

నిదానం నవ్వలేదు. "నేనున్నాను. కానీ నేనొక్కదాన్నే ఉన్నాను" అని కిర్రుమంటూ వెళ్ళిపోయింది.

ముసలి బండి చెప్పినట్టే అయింది. పుట్టన్న కిటుకు అడవంతా పాకింది. అడవిపంది కోరయ్య బండి కళ్ళు మూసుకుంది. ముళ్ళపంది బండి మూసుకుంది. దుప్పుల బండి మూసుకుంది. కళ్ళు మూసుకున్న బండ్లు ఎదురెదురుగా వచ్చి ముక్కులు రాసుకుని ఆగిపోయేవి. "నువ్వు తగ్గు" అంటే "నువ్వు తగ్గు" అని గొడవ. ఇదివరకు చిటికెలో దాటే మలుపు దాటడానికి ఇప్పుడు సగం పూట పట్టేది. అందరూ ముందుండాలనుకుంటే ఎవరు ముందుంటారు, మీరే చెప్పండి!

అప్పుడు కోరయ్య ఇంకో ఎత్తు వేశాడు. రెండు సొరకాయలకు గుడ్డలు చుట్టి బండిలో కూర్చోబెట్టాడు. మలుపు దగ్గర "నాలో పిల్లలున్నారు, తప్పుకోండి!" అని తన బండిచేత అరిపించాడు. పిల్లలనగానే మిగతా బండ్లు పాపం వెనక్కి తగ్గాయి. మెరుపు కూడా తగ్గింది. దాటిపోతుంటే పుట్టన్న చూశాడు. పిల్లలూ లేరు, పాడూ లేదు. సొరకాయలు!

"ఏం బావా, సొరకాయలకు పాలు పట్టావా?" అని మండిపడ్డాడు.

"కళ్ళు మూసుకోవడం నేర్పింది నువ్వు. నోరు తెరవడం నేను నేర్చుకున్నాను" అని కోరయ్య పళ్ళికిలించాడు.

మరుసటి సంతకల్లా ప్రతి బండిలోనూ సొరకాయలే. ప్రతి బండీ "పిల్లలున్నారు, పిల్లలున్నారు" అని అరిచేదే. నిజంగా పిల్లలున్న నిదానం అరిచినా వినేవాడు లేడు. అది ప్రతిసారీ తనే ఆగేది, తనే తగ్గేది. ఎదుటివాడు కళ్ళు మూసుకున్నాడని అంచు దాకా జరిగి దారి ఇచ్చేది. ఇచ్చాక తనే "చల్లగా ఉండు" అనుకునేది, అనేవాళ్ళు ఎవరూ లేరు కనుక.

పుట్టన్న మాత్రం ఊరుకోలేదు. వెనకబడితే మళ్ళీ ఎండ, మళ్ళీ ఆలస్యం, మళ్ళీ వాకిట్లో ఏడుపు మొఖంతో బిడ్డ. తేనె పిండాక మిగిలిన మైనం అతని దగ్గర బోలెడుంది. రెండు ముద్దలు తీసి మెత్తగా పిసికాడు.

"మెరుపూ, మలుపు దగ్గర కళ్ళతో పాటు చెవులు కూడా మూస్తాను. ఆ అబద్ధాలు వింటే కదా నువ్వు ఆగేది!"

"చెవులు మూస్తే మీ మాట కూడా వినపడదు కదా అయ్యా?"

"దారి నీకు తెలుసు. మలుపు దాటగానే తీసేస్తాను. ఆ కాసేపట్లో నా మాటతో నీకేం పని?"

మెరుపు ఏదో అనబోయింది. అంతలో చెవుల్లో మైనం పడింది.

ఇక మెరుపుకు తిరుగులేకుండా పోయింది. చూడని బండి, వినని బండి. దాని మువ్వల చప్పుడు వినపడితే చాలు, కోరయ్యతో సహా అందరూ దూరంనుంచే పక్కకు తప్పుకునేవారు. పుట్టన్న మీసం ఉంటే దువ్వుకునేవాడే.

వానలు మొదలయ్యే ముందు చివరి సంత వచ్చింది. ఆ రోజు పుట్టన్న బయలుదేరుతుంటే నేరేడు అతని కాలు పట్టుకుంది.

"నాన్నా, నాకు గవ్వల దండ తెస్తావా?"

"తెస్తాను తల్లీ."

"ఉరుములు రాకముందే వస్తావా? నాకు ఉరుములంటే భయం."

"ఉరుము కంటే ముందు మన మెరుపు వస్తుంది, చూస్తూ ఉండు" అన్నాడు పుట్టన్న. నేరేడు కిలకిలా నవ్వింది.

సంతలో తేనె అమ్ముడైంది. గవ్వల దండ కొన్నాడు. చూస్తుండగానే ఆకాశం నల్లబడింది. "పద, పద! బిడ్డ భయపడుతుంది" అంటూ బండెక్కాడు.

ఇంటి దగ్గర ఏం జరిగిందో పుట్టన్నకు తెలియదు. మీకు చెబుతాను. దూరంగా ఎక్కడో ఉరిమింది. నేరేడు గుహలో ఉండలేక పరుగెత్తుకుంటూ నిదానం దగ్గరకు పోయింది. "అవ్వా, నాన్నకు ఎదురెళ్దాం. నాన్న కనపడితే భయం పోతుంది" అంది. ఏడుస్తున్న పిల్లను ఏ అవ్వ కాదంటుంది? నిదానం ఎక్కించుకుని బయలుదేరింది.

వాన మొదలైంది. ఇరుకుమలుపు దగ్గర పడుతూనే పుట్టన్న మెరుపు చెవుల్లో మైనం కుక్కాడు. తాను కూడా గోనెపట్టా ఒకటి తల మీదుగా ముసుగేసుకుని ముడుచుకుని కూర్చున్నాడు. మెరుపు కళ్ళు మూసుకుని, మువ్వలు మోగించుకుంటూ మలుపులోకి దూసుకుపోయింది.

అప్పటికే నిదానం మలుపు మధ్యలో ఉంది. మువ్వల చప్పుడు విని "పిల్ల ఉంది! ఆగు మెరుపూ, నిజంగా పిల్ల ఉంది!" అని అరిచింది. మెరుపుకు వినపడలేదు. సరే, ఎప్పటిలాగే వెనక్కి తగ్గుదామనుకుంది. వెనక్కి చూస్తే కోరయ్య బండి. ఆలస్యంగా సంతకు బయలుదేరి, కళ్ళు మూసుకుని వేగంగా వస్తోంది. దానిలో సొరకాయలు.

"పిల్ల ఉంది!" అని వెనక్కి తిరిగి కేక పెట్టింది నిదానం.

కోరయ్య బండి కాస్త తడబడింది. "పిల్లా లేదు, ఏమీ లేదు. అందరూ అనే అబద్ధమే. నువ్వు పద" అన్నాడు కోరయ్య.

ముందు చూడని బండి. వెనక నమ్మని బండి. ఒక పక్క రాతిగోడ, ఒక పక్క లోయ. తాను అక్కడే నిలబడితే రెండు బండ్లూ వచ్చి తనను నొక్కేస్తాయి, మధ్యలో పిల్ల నలిగిపోతుంది. నిదానం కళ్ళు తెరిచే ఉన్నాయి కనుక అంతా చూసింది. రాతిగోడలో ఒకచోట అరుగులా చిన్న రాయి పొడుచుకు వచ్చి ఉంది. పిల్ల కూర్చున్న పలకను అటు వంచి నేరేడును ఆ రాతి మీదకు జార్చింది.

"తల్లీ, రాతిని గట్టిగా పట్టుకో. కిందికి చూడకు. కళ్ళు మూసుకో" అంది.

నేరేడు కళ్ళు మూసుకుని ఒక్క కేక వేసింది. "నాన్నా!"

ఆ కేక పుట్టన్న విన్నాడు. తన చెవుల్లో మైనం లేదు కదా. ముసుగు తీసి చూశాడు. ఎదురుగా నిదానం. పక్కన రాతికి అతుక్కుని తన బిడ్డ.

"ఆగు! మెరుపూ, ఆగవే!" అని గుండెలు పగిలేలా అరిచాడు. మెరుపు ఆగలేదు. దానికి వినపడితే కదా! పుట్టన్న బండి ముందుకు పాకి గోళ్ళతో మైనం పీకాడు. అది ఒక పట్టాన రాలేదు. అంత గట్టిగా కుక్కింది తనే. పీకుతూనే చూశాడు. నిదానం చక్రాలు మెల్లగా లోయ వైపు తిరిగాయి. తాబేలు తాత చెవిలో చెప్పిన మాట అది ఆఖరిదాకా మరిచిపోలేదు. ఎవరినీ గుద్దలేదు. దారి ఇచ్చి, అంచు దాటి పడిపోయింది.

మైనం ఊడివచ్చింది. మెరుపు ఆగింది. అవతల ఆ కేకలకు కోరయ్య బండి కూడా ఆగింది. వాటి మధ్య ఒక్క బండి పట్టేంత చోటు ఖాళీగా ఉంది.

"పిలిచారా అయ్యా?" అంటూ మెరుపు కళ్ళు తెరిచింది. "ఏమైంది? దారి ఇచ్చింది ఎవరు?"

పుట్టన్న బిడ్డను రాతి మీదనుంచి దించి గుండెకు హత్తుకుని వానలో కూలబడ్డాడు. వెక్కివెక్కి ఏడ్చాడు. కోరయ్య తన బండిలోని సొరకాయలను ఒక్కొక్కటే తీసి లోయలోకి విసిరేశాడు.

మర్నాడు వాన వెలిశాక తాబేలు తాత వచ్చాడు. అంచున నిలబడి కిందికి చూశాడు. లోయ అడుగున చక్రం ఒకచోట, పలక ఒకచోట పడి ఉన్నాయి. రాళ్ళ మధ్య నిదానం కళ్ళు ఇంకా తెరిచే ఉన్నాయి. కానీ ఇక వాటికి ఏమీ కనపడదు.

"తాతా, నన్ను కొట్టు" అన్నాడు పుట్టన్న.

"కొట్టి ఏం చేయను రా?"

"అయితే మెరుపును తీసుకో. దాన్ని విప్పి మళ్ళీ నిదానాన్ని చేయి."

"బండిని చేస్తానురా. నిదానాన్ని ఎలా చేయను?" అన్నాడు తాత. "అందరూ కళ్ళు మూసుకుని తిరిగినా ఇన్నాళ్ళూ ఎవరికీ దెబ్బ తగల్లేదు. అది మీ తెలివేనని అనుకున్నారు. ఆ పిచ్చిది మీ అందరి బదులు ఒక్కతే చూసింది. మీ అందరి బదులు ఒక్కతే వెనక్కి తగ్గింది. మొన్నటిదాకా దాని వెనక తగ్గడానికి చోటు ఉంది. నిన్న లేదు."

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? అయినా పట్టుకోవాలి కదా. పుట్టన్న మైనం ముద్దలు పారేశాడు. "మెరుపూ, ఇక నువ్వు కళ్ళు మూయకు" అన్నాడు. కోరయ్యను కూడా అతని బండి కళ్ళు తెరిపించమన్నాడు. "మిగతావాళ్ళు తెరిచాక తెరిపిస్తాను బావా" అన్నాడు కోరయ్య, తల దించుకుని. అందరిదీ అదే మాట. ముందుగా తెరిస్తే తామే వెనకబడతామని భయం.

అందుకని పుట్టన్నే మొదలుపెట్టాడు. సంతనాడు మలుపు దగ్గర మెరుపును పక్కకు నిలిపి, వచ్చిన ప్రతి బండికీ దారి ఇచ్చేవాడు. నీడ పోయింది. తేనె కరిగింది. పొద్దుగూకి ఇల్లు చేరేవాడు. అలా ఎన్నాళ్ళో గడిచాక, ఒకనాడు కోరయ్య బండి మలుపు దాటుతూ కళ్ళు తెరిచి, సిగ్గుపడుతూ "చల్లగా ఉండు" అంది. తర్వాత ముళ్ళపంది బండి అంది. తర్వాత దుప్పుల బండి. మెల్లమెల్లగా ఆ దారిలో బండ్లన్నీ మళ్ళీ కళ్ళు తెరుచుకుని నడిచాయి.

కానీ నేరేడు మారింది. ఆ గవ్వల దండ మెడలో వేసుకోలేదు. గుహలో ఒక మూల పెట్టింది. నాన్నతో బండెక్కితే, ఇరుకుమలుపు రాగానే రెండు చేతులతో కళ్ళు గట్టిగా మూసుకునేది. లోయ వైపు తిరిగి "చల్లగా ఉండు అవ్వా" అనేది. మలుపు దాటి చాలా దూరం పోయినా చేతులు తీసేది కాదు.

ఒకరోజు పుట్టన్న ఉండబట్టలేక, "కళ్ళు తెరువు తల్లీ. మెరుపు కళ్ళు తెరిచే ఉంది. నేను కూడా చూస్తూనే ఉన్నాను. ఇంక భయం లేదు" అన్నాడు.

నేరేడు చేతులు తీయలేదు.

"అవ్వ మూసుకోమంది నాన్నా. తెరవమని ఇంకా చెప్పలేదుగా" అంది.

నీతి: ఎదుటివాళ్ళ కళ్ళు తెరిచే ఉంటాయన్న ధీమాతో మన కళ్ళు మూసుకుంటే, ఆ తప్పుకు వెల చెల్లించేది మన తరఫున కూడా చూసిన మంచివాళ్ళు, మనల్ని నమ్మిన పసివాళ్ళు.